రేకుగోడ మీది గంటలు

పోయినవారం లోర్నా పెంగిల్లీ ముందు ఒక కాగితం, చేతిలో ఒక పెన్ను పెట్టి వదిలేశాం. ఆమె సంతకం చేసిందా లేదా అని వారమంతా మథనపడినవాళ్లకు చెప్పేదేమిటంటే, చెయ్యనూ లేదు, చెయ్యనని అననూ లేదు. పెన్ను మూత బిగించి, టీ పెట్టడానికి లేచింది.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్లిండర్స్ కొండల కింద కార్నబీ అనే చిన్న ఊళ్లో లోర్నాది మోటారుసైకిళ్ల దుకాణం. పెద్ద కంపెనీల ఏజెన్సీలు ఒక్కొక్కటే పట్నానికి తరలిపోయాక ఆమె చేతిలో మిగిలింది బ్రెనోట్టా ఒక్కటే. ఎక్కడో ఇటలీ కొండల్లో, నలభై మంది కలిసి చేసే బండి అది. రోడ్డు మీద తిరగడానికి కాదు, రాళ్లూ వాగులూ దారీతెన్నూ లేని చోట్లా ఎక్కి దిగడానికి. ఇలాంటి బళ్ల వయసును కిలోమీటర్లలో చూడరు, ఇంజను నడిచిన గంటల్లో చూస్తారు. నూటికి తొంభై తొమ్మిది మంది పేరు కూడా వినని ఆ బండిని అరవై మూడేళ్ల గొర్రెల రైతు క్లెమ్ హానాఫోర్డ్ చేత కొనిపించింది లోర్నాయే. "ఏదన్నా అయితే నేనున్నాగా" అని కూడా అంది.

అరవై ఒకటో గంటలో దాని ఇంజను బిగుసుకుపోయింది. గేటు తియ్యడానికని నెమ్మది చేశాడు కాబట్టి క్లెమ్ మోకాలు చెక్కుకుపోవడంతో బయటపడ్డాడు. దిగుమతి కంపెనీ తరఫున అడిలైడ్ నుంచి ఫ్రేజర్ ఓల్డ్‌ఫీల్డ్ అనే మనిషి ఒక కాగితం పట్టుకుని దిగాడు. తప్పు బండిది కాదు, సర్వీసు చేయించుకోని క్లెమ్‌ది అని అందులో ఉంది. దాని కింద డీలరు సంతకం పడాలి. పడితే వారంటీ ఉండదు, లోర్నాకు ఏజెన్సీ ఉంటుంది. పడకపోతే ఏజెన్సీ ఉండదు. కథ అక్కడే ఆగింది.

ఫ్రేజర్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. మనిషి చెడ్డవాడని లోర్నాకు అనిపించలేదు. చెడ్డవాడైతే పని తేలికయ్యేదని మాత్రం అనిపించింది. టీ కప్పు అతని ముందు పెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. పక్కన బల్ల మీద క్లెమ్ బండి ఇంజను ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది.

"పుస్తకంలో ఒక్క స్టాంపు లేదు లోర్నా," అన్నాడు ఫ్రేజర్. "పది గంటలకోసారి డీలరు దగ్గర సర్వీసు చేయించి స్టాంపు వేయించాలని మొదటి పేజీలోనే ఉంది. నన్నేం చెయ్యమంటారు?"

"క్లెమ్ ఇంటికీ నా షాపుకీ తొంభై కిలోమీటర్లు. కొండల్లో తిరిగే అడవి మేకల్ని పట్టి తోలే రోజుల్లో పది గంటలంటే వారం కూడా పట్టదు. వారంవారం బండిని ట్రెయిలర్ ఎక్కించుకుని నా దగ్గరికి ఊరేగింపుగా రమ్మంటావా? ఈ చుట్టుపక్కల ఎవరి షెడ్డులో వాళ్లే ఆయిల్ మార్చుకుంటారయ్యా. మా తాతల నాటి నుంచీ అంతే."

"కంపెనీకి మీ తాతల సంగతి తెలీదు కదా."

"స్టాంపు గొడవ నీకెందుకు, నువ్వే చేసుకో, నేను చూసుకుంటా అని క్లెమ్‌కి చెప్పింది నేనే."

ఫ్రేజర్ కప్పు కింద పెట్టాడు. "ఆ మాట నేను వినలేదు."

"మళ్లీ చెప్పనా?"

"వద్దు," అని అతను నవ్వాడు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

లోర్నా బల్ల మీదినుంచి సిలిండర్ తీసి అతని ఒళ్లో పెట్టినంత పని చేసింది. "లోపల వేలు పెట్టి చూడు. అద్దంలా ఉంది. గాలి ఫిల్టరుకు నూనె పట్టించకుండా దుమ్ములో తిప్పినవాడి సిలిండర్ ఇలా ఉంటుందా? గరగర గీతలు పడి ఉంటుంది. ఇప్పుడిది చూడు." అరచేతిలో పట్టేంత చిన్న పళ్లచక్రం తీసింది. ఇంజనులో ఆయిల్ పంపును తిప్పేది అదే. దాని పళ్లు సగం లేవు. "ఇది అరిగింది. ఆయిల్ పైకెక్కలేదు. పైన బేరింగు కాలి ఇంజను బిగుసుకుంది. ఇందులో క్లెమ్ చేసిన పాపం ఏముంది?"

"ఆయిల్ మార్చకపోతే కూడా అరుగుతుంది కదా అంటారు మావాళ్లు."

"నువ్వేమంటావు?"

ఫ్రేజర్ పళ్లచక్రం అందుకుని తిప్పి చూశాడు. చివరికి, "ఆయన మార్చాడనడానికి రుజువేదీ?" అన్నాడు.

లోర్నా ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు లేచి తాళాలు తీసుకుంది. "ఉందో లేదో నాకూ ఖాయంగా తెలీదు. క్లెమ్ వాళ్ల నాన్నకి మాత్రం ఓ అలవాటుండేది. పద, చూద్దాం. కాగితం కూడా తెచ్చుకో. అక్కడే తేల్చేద్దాం."

లోర్నా ఫ్రేజర్‌ను కారెక్కించుకుని బయల్దేరింది. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా ఉప్పుమొక్కల పొదలు, ఎదురుగా కొండల వరస. దారికి అడ్డమొచ్చిన ఈమూ పక్షి ఒకటి బండికన్నా తానే గొప్ప అన్నట్టు నింపాదిగా దాటేదాకా లోర్నా బ్రేకు మీద కాలు వేసి కూర్చుంది. సంతకం పెడితే ఈ దారిలో మళ్లీ రావడానికి ముఖం చెల్లదని అనుకుంటోంది. పెట్టకపోతే షాపు తలుపు తియ్యడానికి పని ఉండదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో స్పానరు కింద పెట్టి ఏం చెయ్యాలో ఆమెకు నిజంగా తెలియదు. భయం వేసింది. పైకి మాత్రం గేరు మార్చింది.

"ఆయన ఇప్పుడు దేని మీద తిరుగుతున్నాడు?" అని అడిగాడు ఫ్రేజర్.

"నా డెమో బండి ఇచ్చాను. మూడు వారాలైంది. మేకల్ని కొనేవాళ్ల ట్రక్కు వచ్చే రోజులు, చేతిలో బండి లేకపోతే ఎలా?"

"అది కూడా బ్రెనోట్టాయేనా?"

"నా దగ్గర ఇంకేముంది? క్లెమ్ బండీ అదీ ఒకే పెట్టెలో వచ్చాయి, కవలపిల్లల్లా."

ఫ్రేజర్ ఆమె వైపు తిరిగాడు. "ఎన్ని గంటలు నడిచిందది?"

"నేనిచ్చేటప్పటికి ముప్పై చిల్లర. ఏం?"

"ఊరికే అడిగా," అని అతను మళ్లీ కిటికీలోంచి చూడసాగాడు. ముప్పై అన్న మాట వినగానే అతని భుజాలు కాస్త దిగాయని లోర్నా గమనించింది. ఎందుకో మాత్రం ఆలోచించలేదు.

హానాఫోర్డ్‌ల ఇంటి ముందు కుక్కలు మూడూ కలిసి వాళ్లకు స్వాగతం చెప్పి, ఫ్రేజర్ కొత్త బూట్ల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాయి. క్లెమ్ భార్య బెవ్ చేతులు తుడుచుకుంటూ వరండాలోంచి దిగింది. గట్టి మనిషి, అంతకన్నా గట్టి గొంతు.

"ఏమే లోర్నా, ఫోన్ చేసి చావొచ్చుగా? కేకు ఇప్పుడే పొయ్యిలోంచి తీశా, చల్లారనే లేదు. ఈ అబ్బాయెవరు, పెళ్లికొడుకులా ఉన్నాడు?"

"కంపెనీ మనిషి. క్లెమ్ బండి సంగతి చూడ్డానికొచ్చాడు."

"ఓహో, మా ఆయనకి ఆయిల్ మార్చడం రాదన్న మహానుభావుడివి నువ్వేనా బాబూ? రా, కేకు తిను. తిన్నాక తిడతాను."

"క్లెమ్ ఏడీ?"

"పొద్దున్నే కొండెక్కాడు. వెనక లోయలో ఇంకో యాభై మేకలున్నాయట. భోజనం వేళకి వస్తానన్నాడు. ఆ మాట నలభై ఏళ్లుగా అంటున్నాడనుకో."

"బెవ్, ముందు షెడ్డులో గోడ చూడాలి. మీ మామగారి గోడ."

"ఆ గోడా!" బెవ్ పెద్దగా నవ్వింది. "చూడు బాబూ, బాగా చూడు. నా పెళ్లిరోజు కూడా ఉంది దాని మీద, బోరింగ్ పంపు బెల్టు మార్చిన తేదీ పక్కన. మర్చిపోకుండా ఉండాలని మా ఆయన రాసుకున్నాడట. బెల్టు గుర్తుంటుంది, పెళ్లిరోజు గుర్తుండదు."

షెడ్డు లోపల చల్లగా ఉంది. ఉన్ని వాసన, డీజిల్ వాసన కలిసి పాతబడిపోయి ఉన్నాయి. ఎడమ పక్క గోడంతా ముడతల రేకు. దాని మీద, గొర్రెలకు గుర్తు పెట్టే ఎర్ర సుద్దతో, ఈ మూల నుంచి ఆ మూల దాకా రాతలు. క్లెమ్ తండ్రి మొదలుపెట్టాడు, క్లెమ్ కొనసాగించాడు. ట్రాక్టరుకో వరస, పంపుకో వరస, ఉన్ని కత్తిరించే యంత్రానికో వరస, కుక్కలకు పురుగుల మందు వేసిన తేదీలకో వరస. కాగితాలు చెదలు తింటాయి, పుస్తకాలు పోతాయి, రేకు ఎక్కడికీ పోదని ముసలాయన అనేవాడట.

ఆ రాతలకన్నా విచిత్రమైనవి మేకులు. ఆయిల్ మార్చిన ప్రతి తేదీ కింద ఒక మేకు, మేకుకు ఆ రోజు ఇంజనులోంచి తీసిన పాత ఆయిల్ ఫిల్టరు. మార్చానని ఊరికే రాయడం కాదు, తీసింది వేలాడదీసి చూపించాలి. కొడుకులు పని ఎగ్గొట్టి అబద్ధం రాస్తారని ముసలాయన పెట్టిన నిబంధన అది. ఆయన పోయి పద్దెనిమిదేళ్లయినా, తనను ఎవరూ అడగకపోయినా, క్లెమ్ ఇంకా వేలాడదీస్తూనే ఉన్నాడు.

"బ్రెనోట్టా" అని తప్పుల తడకగా రాసిన వరస ముందు లోర్నా ఆగింది. పది, ఇరవై, ముప్పై, నలభై, యాభై, అరవై. ప్రతి అంకె పక్కనా తేదీ. ప్రతి అంకె కిందా, బొటనవేలంత లావున, నల్లబడిన ఫిల్టరు. ఒక్కటి కూడా తప్పలేదు. చివర్న "అరవై ఒకటి, పోయింది" అని ఉంది. చావు కబురు రాసినట్టు, అక్షరాలు కాస్త పెద్దవి.

లోర్నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనిషి సర్వీసు చెయ్యలేదని రాసిన కాగితం మీద తాను పెన్ను మూత తీసింది. పొద్దున టీ పెట్టడానికి లేచేముందు ఒక నిమిషం పాటు, ఒక్క నిమిషమే, సంతకం పెట్టేద్దామనుకుంది కూడా.

"ఈ రుజువు చాలదా?" అంది, వెనక్కి తిరగకుండా.

ఫ్రేజర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. ఒక్కొక్క ఫిల్టరునూ వేలితో ముట్టుకుంటూ వెళ్లాడు. "కోసి చూద్దామా?" అన్నాడు, చాలా నెమ్మదిగా.

బెవ్ రేకు కత్తెర తెచ్చింది. అరవై గంటల ఫిల్టరును లోర్నా నిలువునా కోసి, లోపలి మడతల కాగితాన్ని వెలుతురులోకి విప్పింది. నల్లటి ఆయిల్ మడ్డిలో వెండి పొడి మిలమిల మెరిసింది. యాభై గంటలది కోసింది. అందులో అక్కడక్కడా నాలుగు మెరుపులు. నలభైది శుభ్రం.

"పళ్లచక్రం యాభై నుంచీ రాలుతోంది," అంది లోర్నా. "ఆయిల్ కొత్తది పోస్తున్నా రాలుతోంది. చెత్త ఇనుము పోసి చేశారు ఫ్రేజర్. ఇందులో స్టాంపు ఏం చేస్తుంది?"

ఫ్రేజర్ తిరగేసి ఉన్న ఖాళీ డబ్బా మీద కూర్చున్నాడు. బెవ్ అతని చేతిలో కేకు ముక్క పెట్టింది. అతను దాన్ని తినలేదు, కింద పెట్టలేదు.

"క్లెమ్‌ది మొదటిది కాదు," అన్నాడు. "ఏడోది."

షెడ్డు పైకప్పు ఎండకు టకటకమంది.

"అన్నీ ఇలాగే. అరవై దాటాక, ఒకటి రెండు గంటల్లో. టాస్మేనియాలో ఒకమ్మాయి వాలు దిగుతుంటే ఇంజను బిగుసుకుని వెనక చక్రం పట్టేసింది. తుంటి ఎముక విరిగింది. ఇటలీ నుంచి జవాబు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. అన్నిటికీ ఇలాంటి కాగితాలే పుట్టించమన్నారు. మిగతా ఆరుగురు డీలర్లూ సంతకం పెట్టారు లోర్నా."

"నువ్వు పెట్టించావు."

"నేనే పెట్టించాను."

లోర్నా అరుస్తుందనుకున్నాడు కాబోలు, తల వంచుకున్నాడు. ఆమె అరవలేదు. కోపం ఉంది, కానీ దాని పక్కనే ఇంకేదో తేలిక కూడా వచ్చి కూర్చుంది. ఇక ఆలోచించాల్సింది లేదు. చెయ్యి చాచింది. "కాగితం ఇలా ఇవ్వు."

ట్రాక్టరు బానెట్ మీద కాగితం పరిచి, సర్వీసు చెయ్యలేదన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. కింద గుండ్రటి అక్షరాలతో, అన్ని సర్వీసులూ వేళకు జరిగాయనీ, పళ్లచక్రం లోపం వల్లే ఇంజను పోయిందనీ, ఫిల్టర్లు తానే కోసి చూశాననీ, స్టాంపు అక్కర్లేదని రైతుకు చెప్పింది తానేననీ రాసింది. పేరు రాసి, సంతకం పెట్టి, తేదీ వేసింది.

"దీంతో ఏజెన్సీ పోతుంది," అన్నాడు ఫ్రేజర్.

"పోతుంది. పోనీ. నువ్వు కూడా సాక్షి సంతకం పెడతావా, లేక నీకు పిల్లలున్నారా?"

"ఇద్దరు," అన్నాడతను. కేకు ముక్క జాగ్రత్తగా డబ్బా మీద పెట్టి, పెన్ను తీసుకున్నాడు. ఆమె పేరు కింద తన పేరు రాశాడు. అక్షరాలు స్పష్టంగానే పడ్డాయి.

"ఇప్పుడు తిట్టనులే," అంది బెవ్. "కేకు తిను."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే లోర్నా కళ్లు మళ్లీ గోడ మీదికి వెళ్లాయి. "పోయింది" అన్న మాట పక్కన, సుద్ద రంగు ఇంకా మాయని కొత్త వరస ఒకటి ఉంది. పైన "లోర్నా బండి" అని రాసుంది. అరువు బండికి కూడా సొంత బండికి చేసినట్టే చేశాడు క్లెమ్. నలభై. యాభై. వాటి కింద ఇంకో అంకె.

అరవై. పక్కన ఈ రోజు తేదీ.

ఆ మేకుకు వేలాడుతున్న ఫిల్టరు ఇంకా తడిగా ఉంది. కింద నేల మీద రూపాయి బిళ్లంత ఆయిల్ మరక, దాని మీద ఇంకో చుక్క అప్పుడే పడింది.

"బెవ్," అంది లోర్నా. "మూడు వారాల్లో అంత తిప్పాడా?"

"ఇంట్లో ఎక్కడున్నాడని? తెల్లారితే కొండ మీదే. పొద్దున ఆయిల్ మార్చుకున్నాకే వెళ్లాడు. మీ బండి, జాగ్రత్తగా చూసుకోవాలి కదా అంటూ."

లోర్నా ఫిల్టరు తీసి కత్తెర పెట్టింది. చేతులు జారాయి, రెండోసారి తెగింది. మడతలు విప్పనక్కర్లేకపోయింది. వెండి పొడి ఆమె వేళ్లకు అంటుకుని, చేప పొలుసులా మెరిసింది.

ఫ్రేజర్ అప్పటికే లేచి నిలబడ్డాడు. ముఖంలో రక్తం లేదు. "దార్లో మీరు ముప్పై అన్నారు," అన్నాడు. "ముప్పై అంటే టైముందనుకున్నాను. నేను అప్పుడే చెప్పాల్సింది."

"పొద్దున ఎన్నింటికెళ్లాడు బెవ్?"

"ఏడున్నరకి. ఏమైందే? చెప్పు, ఏమైంది?"

లోర్నా వాచీ చూసుకుంది. తొమ్మిది ముప్పావు. మధ్యలో ఎన్నిసార్లు ఇంజను ఆపాడో, ఎంతసేపు నడిపాడో ఎవరికి తెలుసు? "రేడియోలో పిలువు. ఎక్కడుంటే అక్కడ బండి ఆపి దిగెయ్యమను. నడిచి రమ్మను, బండిని నేను వెళ్లి తెచ్చుకుంటాను."

బెవ్ ఇంకో ప్రశ్న వెయ్యకుండా వరండా వైపు పరిగెత్తింది, మిగతా ఇద్దరూ వెనకే. గోడకు తగిలించిన వైర్‌లెస్ రేడియో అందుకుని మీట నొక్కింది. "క్లెమ్, వినపడుతోందా? బండి ఆపెయ్. లోర్నా చెబుతోంది, బండి ఆపి దిగెయ్." గరగర తప్ప ఏమీ రాలేదు. "లోయలో ఉంటే అందదు. పైకొస్తే అందుతుంది," అని, మళ్లీ అవే మాటలు, అదే గొంతుతో, రెండోసారి, మూడోసారి అంది.

అప్పుడు ముందు కుక్కలు తల ఎత్తాయి. తర్వాత లోర్నాకు వినిపించింది. దూరంగా, కొండ నడినెత్తి మీద, ఇంజను చప్పుడు. మేకల అరుపులు కూడా సన్నగా గాలిలో తేలి వస్తున్నాయి. చప్పుడు నిండుగా, ఆరోగ్యంగా ఉంది. బెవ్ ఊపిరి వదిలింది.

"అదిగో, వచ్చేస్తున్నాడు. రాళ్ల వాలు దిగుతున్నాడు." మీట మళ్లీ నొక్కింది. "క్లెమ్, నా మాట విను, ఆపెయ్!"

చప్పుడు ఆగిపోయింది.

బెవ్ ముఖం విప్పారింది. రేడియోను గుండెలకు ఆనించుకుని, "విన్నాడే లోర్నా! నలభై ఏళ్లలో మొదటిసారి నా మాట విన్నాడు, ఆపేశాడు," అంది.

లోర్నా కారు తాళాల కోసం జేబులో చెయ్యి పెట్టింది. మనిషి తన చేత్తో ఆపిన ఇంజను ఎలా ఆగుతుందో ముప్పై ఏళ్లుగా ఆమెకు తెలుసు. ఒక్కసారి గొణిగి, మెల్లగా ఆగుతుంది. ఇది గొణగలేదు, టక్కున తెగిపోయింది. దీన్ని ఎవరూ ఆపలేదు.